పరదేశంలో కారు, పక్క సీటులో మనం

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



సెలవులకు పై దేశాలు వెళ్ళి రావడం ఇప్పుడు మన ఇళ్ళలో పెద్ద వింతేమీ కాదు. ఒకప్పుడు తిరుపతి ప్రయాణానికి నెల్లాళ్ళ ముందునుంచీ ఎలా సర్దుకునేవాళ్ళమో ఇప్పుడు స్విట్జర్లాండుకో, ఇటలీకో అలా సర్దుకుంటున్నాం. కందిపొడి, గోంగూర పచ్చడి, అటుకులు, చిన్న రైస్ కుక్కరు, అత్తగారి మాత్రలు, పిల్లల స్వెట్టర్లు - అన్నీ జాబితా రాసి మరీ పెట్టెల్లో పెట్టేది మనమే. కాని అక్కడ కారు అద్దెకు తీసుకుని తిరగాలనుకున్నప్పుడు ఆ కారుకు దారి ఎవరు చూపిస్తారన్నది మాత్రం ఆ జాబితాలో ఉండదు. "ఫోనులో అన్నీ ఉంటాయిలే" అంటారు మగవాళ్ళు. ఉంటాయి, కాదనను. డబ్బాలో బియ్యం ఉన్నంత మాత్రాన విస్తట్లో అన్నం ఉన్నట్టేనా? ఈ పూట ఆ మ్యాపుల సంగతే చెబుతాను. స్విట్జర్లాండు, ఇటలీ ఒకదాన్నానుకుని ఒకటి ఉన్నాయి కనక, ఉదాహరణలు ఎక్కువగా ఆ రెండు దేశాలనుంచే తీసుకుంటాను.

ముందుగా ఒక అపోహ పోగొట్టుకోవాలి. ఉపగ్రహం మనకు మ్యాపు పంపదు. చాలామంది అలా అనుకుంటారు. అమెరికావారి జీపీయస్ ఉపగ్రహాలు ముప్ఫై వరకూ ఉన్నాయి. నేలకు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున రోజుకు రెండేసి సార్లు భూమిని చుట్టి వస్తుంటాయి. ఒక్కొక్కదానిలో అతి కచ్చితమైన అణు గడియారం ఉంటుంది. అవి చెప్పేదల్లా "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని, అంతే! ఆ మాట చెవిన పడటానికి ఎంత ఆలస్యమైందో లెక్కకట్టి, ఆ ఉపగ్రహం ఎంత దూరాన ఉందో మన ఫోను తెలుసుకుంటుంది. అలా నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే తానెక్కడుందో తేల్చుకుంటుంది. పైన ఆకాశం తెరిపిగా ఉంటే అయిదు మీటర్ల తేడాలో చెప్పేస్తుంది.

ఇప్పుడు ఈ మాటలు మీ రేడియోలోకి ఎలా వస్తున్నాయో అవీ అలాగే వస్తాయి. మీరు విన్నందుకు నాకేమీ ఖర్చు లేదు, మీకూ లేదు. మీరు కూర తరుగుతూ వింటున్నారో, బట్టలు మడతపెడుతూ వింటున్నారో నాకు తెలియదు. ఉపగ్రహానికీ అంతే, మనమెవరమో దానికి తెలియదు. (ఫోనులో ఉండే మ్యాపు కంపెనీకి మాత్రం తెలియవచ్చు. ఆ సంగతి వేరు.) అంచేత, ఉపగ్రహం పిలుపు వినడానికి సిమ్ము అక్కర్లేదు, ఇంటర్నెట్టు అక్కర్లేదు. అక్కరకొచ్చేది మ్యాపుకు. ఆ బొమ్మ ఎక్కడో కంపెనీవారి దగ్గర ఉంటుంది. మనం కదులుతున్న కొద్దీ ముక్కలు ముక్కలుగా ఫోనులోకి దిగుతూ ఉంటుంది. అక్కడ సిగ్నలు పోయిందనుకోండి, మన చుక్క మాత్రం తెరమీద చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. చుట్టూ ఏమీ ఉండదు. ముగ్గు లేని గచ్చు మీద గొబ్బెమ్మ పెట్టినట్టు!

ఈ ఏర్పాటు మొదట మిలిటరీ వాళ్ళ కోసం పుట్టింది. తొలి ఉపగ్రహం ఎగిరింది 1978లో. 1983లో కొరియా విమానం ఒకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళి కూల్చివేతకు గురైంది. 269 మంది పోయారు. ఆ తరవాతే, పూర్తయ్యాక దీన్ని మామూలు జనానికీ ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది. ఇచ్చినా, 2000 మే నెల దాకా కావాలని కొంత తేడా కలిపి ఇచ్చేవారు. ఇప్పుడు ఐరోపావారికి గెలీలియో అని సొంత ఉపగ్రహాలున్నాయి. మన ఫోన్లు చాలావరకు రెండింటినీ వింటాయి. మన ఇస్రో వారి నావిక్ ఉంది కదా అంటారేమో. అది మన దేశానికీ, చుట్టూ 1,500 కిలోమీటర్ల మేరకూ ఉద్దేశించింది. మిలాన్‌లో దాని పని లేదు.

సరే, మ్యాపు మాటకొద్దాం. ఇంట్లో వైఫై ఉండగానే, ప్రయాణానికి ముందే, వెళ్ళబోయే ప్రాంతాల మ్యాపులు ఫోనులోకి దించి ఉంచుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో పై మూలన మన బొమ్మ ఉండే చోట నొక్కితే 'ఆఫ్‌లైన్ మ్యాప్స్' అని వస్తుంది. అక్కడ ఓ చతురస్రం చూపించి, ఎంతమేర కావాలో జరుపుకోమంటుంది. ఇటలీ అంతా ఒక్క గీతలో రాదు. మూడు నాలుగు ముక్కలుగా దించుకోవాలి. ముక్కల అంచులు ఒకదానిమీద ఒకటి పడేట్టు చూసుకోండి, చీరకు అతుకు వేసేటప్పుడు చూసుకుంటామే, అలాగ. వీటికి గడువు కూడా ఉంటుంది. పోయినేడాది దించినవి ఉన్నాయి కదా అని ఊరుకోకూడదు.

ఇది కాక మరో రకం ఉంది. 2004లో ఇంగ్లండులో మొదలై, లోకమంతటా స్వచ్ఛందంగా పనిచేసే జనం వీధి వీధినా నమోదు చేస్తూ తయారుచేస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనేది. ఆ మ్యాపులు వాడే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ వంటివి ఊరికే దొరుకుతాయి. ప్రాంతం పేరు నొక్కితే ఆ ప్రాంతమంతా దిగిపోతుంది. నేనైతే రెండూ పెట్టుకోమనే చెబుతాను. ఒకదానిలో కనిపించని సందు రెండోదానిలో కనిపిస్తుంది. ఏ రకమైనా ఒకటి గుర్తుంచుకోండి. నెట్టు లేనప్పుడు దారి చెబుతుంది గాని, ముందు ట్రాఫిక్కు ఆగిపోయిందా, రోడ్డు మూసేశారా అన్నది చెప్పలేదు.

కారులో పెట్టుకునే విడి యంత్రాలు ఇంకా వాడేవాళ్ళున్నారు. మా ఎదురింటావిడకు అమెరికాలో ఉన్న కొడుకు తన పాతది ఇచ్చాడు, "అమ్మా, యూరప్ వెళ్ళినప్పుడు పనికొస్తుంది" అని. జ్యూరిక్‌లో దిగి ఆన్ చేస్తే అందులో ఉన్నది ఒక్క ఉత్తర అమెరికా. పాపం, టెక్సాస్‌లో ప్రతి సందూ ఉంది గాని జ్యూరిక్ లేదు! ఆ యంత్రాలకు ఖండాల వారీగా మ్యాపులు విడిగా కొనుక్కోవాలి. కారు కంపెనీవారిని అడిగినా ఇస్తారు గాని చాలాచోట్ల రోజుకింత అని అద్దె. పది రోజుల అద్దె పెట్టి ఫోనుకు మంచి స్టాండు, కారులో ఛార్జి చేసే వైరు కొనుక్కుంటే మిగతా డబ్బుతో పిల్లలకు ఐస్‌క్రీములు వస్తాయి. అన్నట్టు, ఆ స్టాండు ఎండ తగిలేచోట పెట్టకండి. జూలై ఎండకు ఫోను వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, సరిగ్గా మలుపు దగ్గరే.

ఇకపోతే ఊళ్ళ పేర్లు. మన దగ్గర రామాపురాలెన్ని, కొత్తపల్లెలెన్ని! అందుకే మన పెద్దవాళ్ళు ఉత్తరం మీద 'వయా తెనాలి' అని, జిల్లా పేరు రాసి, కింద గీత గీసేవారు. ఆ జాగ్రత్త అక్కడా కావాలి. 2009లో స్వీడన్ దంపతులు వెనిస్ నుంచి కాప్రి దీవికి బయల్దేరారు. ఎక్కించడంలో రెండక్షరాలు అటూఇటూ అయి 'కార్పి' అని పడింది. యంత్రం మహా విధేయంగా ఉత్తరానే ఉన్న కార్పి అనే పారిశ్రామిక పట్టణానికి తీసుకెళ్ళింది. కాప్రి అక్కడికి 650 కిలోమీటర్లు. వాళ్ళు సరాసరి టూరిస్టు ఆఫీసుకు వెళ్ళి, ఇక్కడి ప్రసిద్ధమైన నీలి గుహకు ఎలా వెళ్ళాలని అడిగారట! దీవికి వెళుతూ సముద్రం గాని, వంతెన గాని, పడవ గాని తగల్లేదేమిటా అన్న అనుమానం ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. నాకు ఆశ్చర్యం అక్కడే.

2016 ఫిబ్రవరిలో ఐస్‌లాండులో ఇలాగే జరిగింది. ఒక అమెరికా యువకుడు విమానాశ్రయం నుంచి ముప్పావుగంట దూరంలో రాజధానిలో ఉన్న హోటలుకు బయల్దేరాడు. వీధి పేరులో ఒక్క 'ర' ఎక్కువ పడింది. అలా మంచులో గంటలకొద్దీ నడుపుకుంటూ దేశం ఉత్తరపు కొసన ఉన్న సిగ్లుఫ్యోర్దుర్ అనే చిన్న ఊరికి చేరాడు. అక్కడివాళ్ళు ఆదరించారు గనక సరిపోయింది.

ఇటలీలో దీనికి సుళువైన మందుంది. ప్రతి చిరునామా చివర జిల్లాకు రెండక్షరాల గుర్తు ఉంటుంది. కార్పికి ఎం.ఓ., అంటే మోదెనా జిల్లా. కాప్రికి ఎన్.ఏ., అంటే నాపొలి. ఆ రెండక్షరాలూ, అయిదంకెల పిన్‌కోడూ సరిపోయాయా లేదా చూడండి. ఇంకో చిక్కేమిటంటే మనం వెనిస్, ఫ్లోరెన్స్, నేపుల్స్ అంటామా, రోడ్డుమీద బోర్డులు వెనెత్సియా, ఫిరెంజె, నాపొలి అంటాయి. జెనీవా స్విట్జర్లాండులో ఉంది, జెనోవా ఇటలీ సముద్రతీరాన ఉంది. మధ్యలో ఆల్ప్స్ పర్వతాలు అడ్డం. దారి మొదలుపెట్టేముందు 'ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు' అన్న లెక్క ఒక్కసారి చూస్తే చాలు, తప్పు ఊరైతే అక్కడే బయటపడుతుంది.

లూసర్న్ నుంచి మిలాన్‌కు వెళ్ళేదారిలో గొట్టార్డ్ సొరంగం వస్తుంది. 1980లో తెరిచారు. పొడవు 16.9 కిలోమీటర్లు, రానుపోను ఒక్కొక్క వరస మాత్రమే. లోపల ఉపగ్రహాల మాట వినబడదు. ఫోను అంచనామీద చుక్కను జరుపుతూ ఉంటుంది, లేదా బొత్తిగా ఆపేస్తుంది. కంగారుపడనక్కర్లేదు, బయటికి రాగానే తేరుకుంటుంది. కంగారు పడాల్సింది సెలవుల్లో సొరంగం ముందు నిలిచే కార్ల వరస చూసి. అక్కడ ఆఫ్‌లైన్ మ్యాపు సాయపడదు. నెట్టుండాలి, లేదా రేడియో పెట్టుకుని వినాలి. వేసవిలో పైన కనుమ దారి తెరిచి ఉంటుంది, 2,106 మీటర్ల ఎత్తున. చూడ్డానికి కన్నులపండుగే గాని మెలికలు జాస్తి. వెనక సీటులో అత్తగారు, మామగారు ఉంటే ఆలోచించుకోండి.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పొదుపుకోసం మ్యాపులో 'టోలు రోడ్లు వద్దు' అని పెట్టేస్తాం. మనకది అలవాటు. ఇటలీలో అలా పెడితే హైవే మానేసి కొండల వెంట, ఊళ్ళ మధ్యనుంచి తిప్పి తిప్పి తీసుకెళుతుంది. నాలుగు యూరోలు మిగిలి, పిల్లలు వాంతులు చేసుకుని, పూట గడిచిపోతుంది. స్విట్జర్లాండు హైవేల మీద టోలు గేట్లుండవు. హైవేలకు ఏడాదికి 40 ఫ్రాంకుల విన్యెట్ ఒకటే. అక్కడ అద్దెకు తీసుకున్న కార్లకు అది ఉంటుంది. ఇటలీలో కారు తీసుకుని స్విట్జర్లాండులోకి వెళితే మీరే కొనాలి. కారును సరిహద్దు దాటిస్తున్నామని అద్దెకిచ్చేవారికి ముందే చెప్పాలి కూడాను.

సిమ్ము సంగతీ అంతే. యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశంలో కొన్న సిమ్ము మిగతా దేశాల్లో అదనపు ఛార్జీ లేకుండా పనిచేసే ఏర్పాటు 2017 నుంచి ఉంది. స్విట్జర్లాండు ఆ యూనియన్‌లో లేదు. మిలాన్‌లో కొన్న సిమ్ము కియాస్సో సరిహద్దు దాటగానే మూగబోవచ్చు, లేదా బిల్లు పేల్చవచ్చు. కొనేటప్పుడే అడగండి.

స్పీడు కెమెరా ఎక్కడుందో చెప్పే సదుపాయం కొన్ని మ్యాపుల్లో ఉంటుంది. మన దగ్గర దాన్ని మంచి ఉపకారంగా భావిస్తాం. స్విట్జర్లాండులో అది చట్టవిరుద్ధం. జర్మనీలో డ్రైవరు దాన్ని వాడకూడదు. ఫ్రాన్సులో కెమెరా స్థానం చెప్పకూడదు, 'ప్రమాదకరమైన ప్రాంతం' అని మాత్రం చెప్పవచ్చు. విమానం ఎక్కకముందే దాన్ని ఆపేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. మనవాళ్ళలో ఎక్కువమందికి తెలియనిది ఇదే. ఇటలీలో పాత పట్టణాల నడిబొడ్డున 'జెడ్.టీ.ఎల్.' అని ఒక ప్రాంతం ఉంటుంది. అక్కడ నివాసముండేవాళ్ళ బళ్ళకూ, అనుమతి ఉన్నవాటికీ తప్ప ప్రవేశం లేదు. ఫ్లోరెన్స్, పీసా, సియెనా, రోము, అన్నిట్లోనూ ఉంది. గేటుండదు, పోలీసుండడు, ఎవరూ ఆపరు. ఎర్ర అంచున్న తెల్లని గుండ్రటి బోర్డు, దానిపైన ఓ కెమెరా, అంతే. కారు నెంబరు ఫొటో తీసుకుంటుంది. మ్యాపు ప్రతిసారీ హెచ్చరిస్తుందని నమ్మడానికి లేదు. హోటలుకు దగ్గరిదారి అదే కనక 'కుడివైపు తిరగండి' అని తీయగా చెప్పేస్తుంది.

బోర్డు మీద దీపాలతో 'వార్కో అత్తీవో' అని వెలుగుతూ ఉంటుంది. 'యాక్టివ్' అన్నట్టుంది కదా, తెరిచే ఉందన్నమాట అనుకుని వెళ్ళిపోతారు. దాని అర్థం తలకిందులు. కెమెరా పనిచేస్తోంది, రావద్దు అని. 'నాన్ అత్తీవో' అంటేనే వెళ్ళొచ్చు. హోటలు చుట్టూ మూడుసార్లు తిరిగితే మూడు జరిమానాలు. ఒక్కొక్కటీ 80 యూరోల పైమాట. అద్దె కంపెనీవారు మన చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు విడిగా కొంత రుసుము కార్డులోంచి లాగుకుంటారు. అసలు జరిమానా కాగితం పరదేశీయులకు పంపడానికి వాళ్ళకు 360 రోజుల వ్యవధి ఉంది. అంటే ఫొటోలన్నీ ఆల్బంలో అంటించుకుని, ప్రయాణం ఖర్చులు తేలిపోయాయనుకున్నాక, మరుసటి సంక్రాంతికి వస్తుందన్నమాట! అందిన అయిదు రోజుల్లో కడితే నూటికి ముప్ఫై తగ్గింపు.

ఏం చేయాలి? హోటలు బుక్ చేసినప్పుడే "మీ హోటలు జెడ్.టీ.ఎల్. లోపల ఉందా?" అని రాసి అడగండి. లోపలుంటే కారు నెంబరు ఇస్తే వాళ్ళు నమోదు చేయించే వీలు చాలాచోట్ల ఉంది. లేదా కారు ఊరి వెలుపలే పెట్టేయండి. ఫ్లోరెన్స్‌కు 'విల్లా కొస్తాంజా' అని ఓ పార్కింగు ఉంది. హైవే నుంచే నేరుగా అందులోకి వెళ్ళవచ్చు. అక్కణ్ణుంచి ట్రాం ఎక్కితే ఊరి నడుమకు చేరుస్తుంది. మ్యాపులో హోటలు పేరు కాక ఈ పార్కింగు పేరు ఎక్కించండి. వెనిస్‌కైతే కారు పియాత్సాలే రోమా దాకానే. ఆపైన నీళ్ళే.

నవ్వుకునే సంగతులు కాకుండా ఒకటి చెప్పాలి. కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు చాలామంది డెత్ వ్యాలీ చూసి వస్తుంటారు గనక ఇది చెప్పక తప్పదు. 2009 ఆగస్టులో ఓ తల్లి ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని ఆ ఎడారికి వెళ్ళింది. యంత్రం చూపిన దారిలో పోతే కారు ఇసుకలో కూరుకుపోయింది. ఫోను పలకదు. కొన్ని రోజుల తరవాత రేంజరు కనిపెట్టేసరికి తల్లి బతికి ఉంది, బిడ్డ లేడు. ఎప్పుడో వదిలేసిన బాటలు కూడా మ్యాపుల్లో రోడ్లుగానే ఉండిపోతాయి. గీత సన్నమైనా లావైనా యంత్రానికి గీతే. అటువంటి చోట్లకు వెళితే తారురోడ్డు దిగమనగానే ఆగాలి. పార్కు ఆఫీసులో అడగాలి. మనిషికింత అని లెక్క వేసుకుని, దానికి రెట్టింపు నీళ్ళు డిక్కీలో ఉండాలి. ఏ దారిన వెళుతున్నామో, ఎన్నింటికి చేరతామో పిల్లలకు చెప్పి బయల్దేరాలి.

ఈ పనులన్నీ ఎవరు చూడాలి? స్టీరింగు పట్టుకున్నవారికి కళ్ళు రోడ్డుమీద ఉండాలి. అక్కడ బళ్ళు కుడిపక్కన నడుస్తాయి, రౌండ్ అబౌట్ కూడా మనకు ఎదురు దిశలో తిరగాలి. "మూడో దారి తీసుకోండి" అని ఫోను అంటే ఆయన లెక్కపెట్టేలోగా రెండు దాటిపోతాయి. కనక పక్క సీటులో కూర్చున్నవారే మ్యాపు మనిషి. చాలా కార్లలో ఆ సీటులో ఉండేది మనమే. మన సీటుకు పని లేదనుకుని నిద్రపోతుంటాం, లేదా వెనక్కి తిరిగి చక్కిలాలు పంచుతుంటాం. మీరే నడిపేవారైతే మరీ మంచిది, పక్కన ఆయన్ని కూర్చోబెట్టండి, దారి మాత్రం ముందే ఇద్దరూ కలిసి చూసుకోండి. మగవాళ్ళకు దారి అడగడం నామోషీ. మనకా జబ్బు లేదు. పెట్రోలు బంకులో, కాఫీ హోటల్లో అద్దం దించి అడిగేయండి. భాష రాకపోతే ఊరిపేరు చూపిస్తే చాలు.

మీ కూరల చీటీ పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించండి. హోటలు పేరు, వీధి, పిన్‌కోడు, ఆ రెండక్షరాలు, ఫోను నెంబరు, కారు నెంబరు, కారు ఎక్కడ పెట్టామో, అన్నీ అందులో రాసుకోండి. ఫోను చచ్చిపోయినా ఆ పేజీ చావదు. తిరిగి కారు అప్పగించే చోటు కూడా రాయాలి. మిలాన్‌కు మూడు విమానాశ్రయాలు. లినాతె ఊరి పక్కనే. మల్పెన్సా వాయవ్యంగా సుమారు 50 కిలోమీటర్లు, బెర్గామో ఈశాన్యంగా దాదాపు అంతే. 'మిలాన్ ఎయిర్‌పోర్టు' అని మాత్రమే ఎక్కిస్తే అది ఎటు లాగుతుందో దాని ఇష్టం.

నడిపేవారికి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్టు ఉండాలి. ఇటలీలో మన లైసెన్సుతోపాటు అడుగుతారు. మన రవాణా శాఖ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది.

చివరగా, వచ్చే ఆదివారం ఓ పని చేసి చూడండి. మీ ఊరి మ్యాపు ఫోనులోకి దించండి. డేటా ఆపేయండి. ఎప్పుడూ వెళ్ళని బంధువుల ఇంటికి దాని సాయంతోనే వెళ్ళండి. మొదట చుక్క కనబడటానికి రెండుమూడు నిమిషాలు పట్టవచ్చు, మేడల మధ్య కాకుండా ఆరుబయట నిలబడండి. మలుపుకు ఎంత ముందు చెబుతోందో, ఫ్లైఓవరు కిందా పైనా ఎక్కడ తికమకపడుతోందో, గంటకు బ్యాటరీ ఎంత తింటోందో చీటీ పుస్తకంలో రాసుకోండి. ఆ బంధువులు ఎలాగూ భోజనం పెడతారు.